వదలవలసింది దేన్ని? యోగదర్శనంలో రాగవైరాగ్యాల చర్చ

పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని తెలుగువాళ్లు మూడు మాటలు చెప్పుకుంటారు. పురాణం వింటున్నంతసేపు, నొప్పులు పడుతున్నంతసేపు, చితి కాలుతున్నంతసేపు సంసారం మీద విరక్తి కలుగుతుంది. ఆ గడియ దాటితే మనసు మళ్లీ పాత దారి పడుతుంది. ఆ మూడింటికి విడిగా పేర్లు పెట్టడంలోనే ఒక తీర్పు ఉంది: నిలవనిది వైరాగ్యం కాదని. మరి నిలిచేది ఏది, అది ఎలా పుడుతుంది, అది కలిగినవాడు ఇంట్లో ఉంటాడా అడవికి పోతాడా అన్న ప్రశ్నల మీద దాదాపు రెండువేల ఏళ్లుగా వాదం నడుస్తోంది. ఆ వాదం ఇప్పుడు బాగా చిక్కుపడింది. ఇల్లు విడవడమే వైరాగ్యమని ఒకరంటే, కర్మఫలాన్ని విడిస్తే చాలునని మరొకరంటారు. ఒత్తిడి తగ్గించుకునే చిట్కాగా దాన్ని చెప్పే యోగా తరగతులు నగరాల్లో కొల్లలు.

ఈ చిక్కుకు ప్రధాన కారణం మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడం. దేన్ని వదలాలి అన్నది మొదటిది. వస్తువునా, పనినా, పని ఫలాన్నా, చేస్తున్నది నేనన్న భావాన్నా, లోపలి తృష్ణనా? దేనితో వదలాలి అన్నది రెండవది. పట్టుదలతోనా, తెలివితోనా? వదిలి ఎక్కడికి చేరాలి అన్నది మూడవది. ఒక్కొక్క సంప్రదాయం ఈ మూడింటికి ఒక్కొక్క రకంగా జవాబు చెప్పింది. ఒకరి మొదటి జవాబును మరొకరి మూడో జవాబుతో పోల్చి పోట్లాడటం వల్ల చర్చ ముందుకు సాగలేదు. యోగశాస్త్రంలో వైరాగ్యం వివేకానికి లోబడిన సాధనమనీ, వివేకం లేకుండా వదలడాన్ని ఆ సంప్రదాయమే వైఫల్యంగా లెక్కగట్టిందనీ నా వాదన. దీన్ని పక్కన పెడితే పతంజలి మనుషులను రాళ్లుగా మార్చబోయిన ముని అవుతాడు, లేకపోతే మనశ్శాంతి పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడవుతాడు. రెండూ ఆయనకు న్యాయం చేయవు.

పతంజలి వేసిన పునాది

యోగసూత్రాలు నాలుగు పాదాల గ్రంథం. ప్రచారంలో ఉన్న లెక్క ప్రకారం సూత్రాలు 195 లేదా 196. చిత్తవృత్తులను నిరోధించడానికి అభ్యాసం, వైరాగ్యం అనే రెండు సాధనాలను మొదటి పాదంలోనే జంటగా పేర్కొంటాడు పతంజలి. ఈ సూత్రాల మీది వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం చిత్తాన్ని రెండు వైపులా పారే నదిగా వర్ణిస్తుంది. మేలు వైపు ఒక పాయ, కీడు వైపు ఒక పాయ. విషయాల వైపు పోయే పాయను వైరాగ్యం సన్నబరుస్తుంది. వివేకం వైపు పోయే పాయను అభ్యాసం తెరుస్తుంది. అంటే వైరాగ్యానికి ఒంటరిగా పని లేదు. ఒక పాయకు అడ్డుకట్ట వేసి రెండోదాన్ని తెరవకపోతే ఏమవుతుందన్నది తర్వాత సాంఖ్యం దగ్గర చూద్దాం.

వైరాగ్యాన్ని పతంజలి రెండు మెట్లుగా చెప్పాడు. కంటికి కనబడే భోగాల మీదా, శాస్త్రాల్లో విన్న స్వర్గాది భోగాల మీదా తృష్ణ లేని స్థితి మొదటిది. దాన్ని వశీకార సంజ్ఞ అన్నాడు. పురుషుణ్ణి, అంటే కేవల ద్రష్టను, ప్రకృతి నుంచి వేరుగా గుర్తించినప్పుడు త్రిగుణాల మీదే తృష్ణ పోవడం రెండవది, అది పరవైరాగ్యం. మొదటి మెట్టును వివరిస్తూ భాష్యకారుడు చెప్పిన ఒక సంగతిని వ్యాఖ్యాతలు గమనించారుగానీ ప్రచారకులు అంతగా పట్టించుకోలేదు. విషయం ఎదుటే ఉన్నా, దాన్ని తోసివేయాలనీ తెచ్చుకోవాలనీ అనిపించని నిలకడే వశీకారమని ఆయన అంటాడు. అసహ్యానికి అందులో చోటు లేదు. ఎందుకంటే ద్వేషం కూడా పంచక్లేశాల్లో ఒకటే. అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం అన్న ఐదింటిలో రాగద్వేషాలు పక్కపక్కనే ఉంటాయి. సుఖాన్ని అంటిపెట్టుకుని వచ్చేది రాగం, దుఃఖాన్ని అంటిపెట్టుకుని వచ్చేది ద్వేషం. సంసారం మీద రోసి పారిపోయేవాడు ఒక క్లేశాన్ని ఇచ్చి మరొకదాన్ని పుచ్చుకున్నాడంతే.

తొమ్మిదో శతాబ్దం నాటివాడని సాధారణంగా చెప్పుకునే వాచస్పతి మిశ్రుడు తన తత్త్వవైశారదిలో ఈ వశీకారానికి ముందు మూడు దశలు ఉన్నాయని వివరించాడు. రాగాది దోషాలు ఇంద్రియాలను విషయాల వైపు లాగకుండా ప్రయత్నించడం యతమానం. వాటిలో ఏవి పండి రాలాయి, ఏవి ఇంకా మిగిలాయి అని వేరుచేసి చూసుకోవడం వ్యతిరేకం. ఇంద్రియాలు కదలకపోయినా మనసులో ఉబలాటం మాత్రం మిగిలి ఉండటం ఏకేంద్రియం. ఆ ఉబలాటం కూడా పోయినప్పుడు వశీకారం. ఈ వర్గీకరణ విలువ రెండో దశలో ఉంది. సాధకుడు తన లోపలి లెక్క తానే చూసుకోవాలి. ఒక్కసారిగా అన్నీ తెంచుకున్నానని ప్రకటించేవాడికి ఇందులో చోటు లేదు. క్లేశాలు నిద్రాణంగా, పలుచనై, అణగి, విప్పారి అని నాలుగు స్థితుల్లో ఉంటాయని సాధనపాదం చెప్పేది కూడా ఈ సంగతే. ఒకరి మీది మమకారం ఈవేళ కనబడలేదంటే అది పోయిందని కాదు. మరొకదాని మీది మమకారం దాన్ని కాసేపు అణచిపెట్టి ఉండవచ్చు.

సాంఖ్యం చేసిన హెచ్చరిక

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా బలమైన ఆధారంగా కనబడేది ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక. యోగానికి తాత్విక చట్రం ఇచ్చిన దర్శనం అది. బుద్ధికి ఉన్న సాత్విక రూపాలు నాలుగని అక్కడ లెక్క: ధర్మం, జ్ఞానం, విరాగం, ఐశ్వర్యం. వైరాగ్యం వల్ల మోక్షం వస్తుందని కారిక చెబుతుందని అనుకుంటాం. 45వ కారిక అలా అనదు. వైరాగ్యం వల్ల కలిగేది ప్రకృతిలయమని అంటుంది. అంటే మూలప్రకృతిలో కరిగి, కొంతకాలం దుఃఖం లేకుండా ఉండి, మళ్లీ సంసారంలోకి రావడం. 63వ కారిక ఇంకా స్పష్టం: ప్రకృతి ఏడు రూపాలతో తనను తాను బంధించుకుంటుంది, ఒకే రూపంతో విడిపించుకుంటుంది. విడిపించేది జ్ఞానం ఒక్కటే. కాబట్టి వైరాగ్యం బంధించే ఏడింటిలోకి చేరుతుంది.

యోగసూత్రాల్లోనూ ఇదే మాట మరో రూపంలో వస్తుంది. దేహం లేని స్థితిని పొందిన విదేహులకు, ప్రకృతిలీనులకు కలిగే సమాధి పునర్జన్మకు కారణమయ్యేదేనని, అసలైన యోగులకు శ్రద్ధ, వీర్యం, స్మృతి, సమాధి, ప్రజ్ఞల క్రమంలో కలిగేది వేరని మొదటి పాదం విడదీస్తుంది. వశీకారాన్ని వివరిస్తూ భాష్యకారుడు స్వర్గంతోపాటు ఈ విదేహ, ప్రకృతిలయ స్థితులనూ విడవవలసిన జాబితాలో చేర్చాడు. వైరాగ్యపు ఫలితం మీద కూడా వైరాగ్యం కావాలన్నమాట. వివేకం లేకుండా ఎంత గొప్పగా వదిలినా సంప్రదాయం దాన్ని ముక్తిగా ఒప్పుకోలేదనడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. మనసు శుభ్రపడకుండా వివేకం రాదు, వైరాగ్యం లేకుండా మనసు శుభ్రపడదు. అలాంటప్పుడు వివేకానికి లోబడినది వైరాగ్యం అనడం తలకిందుల మాట కాదా? ఇందుకు పతంజలి రెండు మెట్లే జవాబు. మొదటి వైరాగ్యం వివేకానికి ముందు, దాన్ని సాధ్యం చేస్తూ వస్తుంది. రెండోది వివేకం తర్వాత, దాని పండుగా వస్తుంది. పరవైరాగ్యం జ్ఞానపు పరాకాష్ఠేనని భాష్యం తేల్చి చెబుతుంది. మొదటిది దారి మాత్రమేనని మరిచి అక్కడే ఆగిపోతే ప్రకృతిలయం. కైవల్యపాదం చివర వచ్చే ధర్మమేఘ సమాధి ఆ వివేకజ్ఞానం మీద కూడా లాభాపేక్ష లేనివాడికే దక్కుతుంది. సర్వజ్ఞత్వం దాకా వచ్చిన సిద్ధుల మీదా విరక్తి కలగాలని విభూతిపాదం అంటుంది. వదలడం ఎక్కడా ఒకే చర్యగా లేదు; ప్రతి మెట్టు మీదా అక్కడ సంపాదించినదాన్నే వదలవలసి వస్తుంది.

గీత: పని వదలాలా, ఫలం వదలాలా

మనసును పట్టడానికి అభ్యాస వైరాగ్యాలనే జంటను గీత ఆరో అధ్యాయమూ చెబుతుంది. అయితే గీత ముందున్న సమస్య వేరు. అర్జునుడికి వైరాగ్యం లేక కాదు, వైరాగ్యం వచ్చిందని అనుకోవడం వల్ల చిక్కు. రాజ్యం వద్దు, భోగాలు వద్దు, భిక్షమెత్తి బతకడమే మేలు అంటాడు. మాట సన్న్యాసిది, దాని వెనక ఉన్నది శోకం. పద్దెనిమిదో అధ్యాయం త్యాగాన్ని మూడుగా విడదీసినప్పుడు దీనికి జవాబు దొరుకుతుంది. మోహంతో విధిని వదిలితే తామసం, శరీరానికి కష్టమన్న భయంతో వదిలితే రాజసం, చేయవలసింది చేస్తూ ఆసక్తినీ ఫలాన్నీ వదిలితే సాత్వికం. ఉపవాసంతో విషయాలు దూరమైనా వాటి మీది రుచి పోదని, పరతత్వాన్ని చూసినప్పుడే ఆ రుచి కూడా పోతుందని రెండో అధ్యాయం చెప్పింది. సాంఖ్యకారిక తర్కంతో చెప్పిన విషయం ఇక్కడ అనుభవం భాషలో ఉంది.

ఈ చోటే భాష్యకారులు విడిపోయారు. శంకరుల దృష్టిలో నిష్కామకర్మ చిత్తశుద్ధికి మెట్టు. జ్ఞాననిష్ఠ కుదిరినవాడికి సర్వకర్మ సన్న్యాసమే సహజం. మూడు త్యాగాల విభజన కర్మాధికారం ఉన్నవారికి సంబంధించినదేగానీ అతనికి కాదు. రామానుజులు దీనికి ఒప్పుకోలేదు. కర్మను వదలడం ఎవరికీ కుదరదు. ఫలం నాదన్న ఆశ, కర్మ నాదన్న మమత, చేసేవాణ్ణి నేనన్న కర్తృత్వం, ఈ మూడింటినీ భగవంతుడికి అప్పగించడమే త్యాగమని ఆయన వ్యాఖ్య. ఇరవయ్యో శతాబ్దంలో ఈ చర్చ కొత్త బలంతో మళ్లీ లేచింది. మండాలే జైలులో రాసి 1915లో మరాఠీలో ప్రచురించిన గీతారహస్యంలో బాలగంగాధర తిలక్, గీత బోధించేది జ్ఞానం తర్వాత కూడా కొనసాగే కర్మయోగమేనని, సన్న్యాసపరమైన వ్యాఖ్యానాలు దాన్ని పక్కకు లాగాయని వాదించాడు. గాంధీ తన గుజరాతీ గీతానువాదానికి అనాసక్తి యోగమనే పేరే పెట్టాడు. అది 1930లో వెలువడింది. తిలక్ అదే గీతలో యుద్ధానికి సమర్థన చూశాడు. ఫలాసక్తి పూర్తిగా పోయినచోట హింసకు తావుండదని గాంధీ వాదించాడు.

ఎవరు సరి? వాక్యార్థం విషయంలో రామానుజుల వైపు మొగ్గు కనబడుతుందని నా అభిప్రాయం. యజ్ఞదానతపస్సులు విడవదగినవి కావని గీత స్పష్టంగా చెప్పింది. అయితే శంకరుల ఆందోళనను తీసిపారేయలేం. ఫలం వద్దనుకుంటూ పనిలో మునిగినవాడు తనను తాను మోసగించుకోవడం ఎంత సులువో ఆయనకు తెలుసు. ఇంకో సంగతి. ఈ వివాదాన్ని గీతకూ యోగసూత్రాలకూ మధ్య పోటీగా చూపేవారు యోగభాష్యంలోని ఒక మాటను చూడాలి. క్రియాయోగంలో మూడో అంగమైన ఈశ్వరప్రణిధానానికి భాష్యకారుడు రెండర్థాలు ఇస్తాడు: క్రియలన్నిటినీ పరమగురువుకు అర్పించడం, లేదా వాటి ఫలాన్ని విడవడం. గీత కర్మయోగం పతంజలి వ్యవస్థలో మొదటి రోజు నుంచే ఉంది.

ఇల్లు విడవడం గురించి

విరక్తి కలిగిన రోజునే ఇల్లు విడవమని జాబాలోపనిషత్తు, మూడు ఋణాలు తీరాకే మోక్షం మాట ఎత్తమని మనుస్మృతి. ఈ రెండింటి మధ్య పెనుగులాట సమాజానికి సంబంధించినది. ఆశ్రమాలు మొదట ఒకదాని తర్వాత ఒకటి వచ్చే మెట్లు కావని, ఎంచుకోదగిన వేర్వేరు జీవన మార్గాలని, మెట్లుగా అమర్చడం తర్వాతి పరిణామమని పాట్రిక్ ఒలివెల్ 1993లో ప్రచురించిన ఆశ్రమ వ్యవస్థ అధ్యయనంలో చూపాడు. కౌటిల్యుడి వైఖరి ఇంకా కటువు. భార్యాబిడ్డలకు బతుకుతెరువు చూపకుండా సన్న్యసించేవాడికి అర్థశాస్త్రం దండన విధిస్తుంది. వైరాగ్యపు ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న ప్రశ్న ఆధునికులు కొత్తగా కనిపెట్టింది కాదు.

సంప్రదాయం లోపలి నుంచి ఈ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో యోగవాసిష్ఠంలోని చూడాలా శిఖిధ్వజుల కథకు సాటి లేదు. శిఖిధ్వజుడు రాజ్యం విడిచి అడవికి పోతాడు. రాణి చూడాల ఇంట్లో ఉండగానే జ్ఞానం పొందింది. ఆమె మాట ఆడదాని మాటని భర్త లెక్కచేయలేదు కనుక, కుంభుడనే యువ మునిగా వేషం మార్చుకుని ఆయన దగ్గరికి వెళ్తుంది. నువ్వు సర్వత్యాగం చేయలేదంటుంది. రాజు అడవి మీది మమతను, కుటీరాన్ని, కమండలాన్ని, జింకచర్మాన్ని వరుసగా వదులుతాడు, కొన్నిటిని మంటల్లో వేస్తాడు. చివరికి దేహాన్నే విడవబోతాడు. అప్పుడు ఆమె ఆపి, త్యాగం చేయవలసింది చిత్తాన్ని, అందులోనూ నేననే విత్తనాన్ని అని చెబుతుంది. జ్ఞానం కలిగాక రాజు తిరిగి వచ్చి రాజ్యమేలుతాడు. అడవి ఇవ్వని దాన్ని ఇంటి మనిషి ఇచ్చింది. స్త్రీని బంధానికి మారుపేరుగా వర్ణించే రచనలు అంత విస్తారంగా ఉన్న సాహిత్యంలో ఈ కథకు ఎంత విలువ ఇచ్చినా తక్కువే. పదిహేనో శతాబ్దంలో మడికి సింగన ఈ గ్రంథసారాన్ని వాసిష్ఠ రామాయణంగా తెలుగు చేశాడు. వేమన పద్యాల్లో బోడితలల మీద, బూడిద పూతల మీద కనబడే నిరసన కూడా ఈ వరుసలోదే, మరింత పదునైన వీధిభాషలో.

పద్నాలుగో శతాబ్దంలో విద్యారణ్యులు జీవన్ముక్తివివేకంలో రెండు దారులనూ కలపడానికి ప్రయత్నించారు. తెలుసుకోవాలని తీసుకునే సన్న్యాసం వివిదిషా సన్న్యాసం, తెలుసుకున్నాక తీసుకునేది విద్వత్ సన్న్యాసం. తత్వజ్ఞానం ఒక్కటే చాలదని, వాసనాక్షయం, మనోనాశం కూడా వెంట నడవాలని ఆయన అన్నారు. అద్వైతి అయివుండి పతంజలి సాధనను అంతగా ఆశ్రయించడం, జ్ఞానం కలిగిన వెంటనే రాగం మాయమైపోదన్న అనుభవాన్ని ఒప్పుకోవడమే.

ఇరుగుపొరుగు దర్శనాలు

జైనుల తత్త్వార్థసూత్రం పరిగ్రహాన్ని మూర్ఛ అని నిర్వచించింది. మూర్ఛ అంటే వస్తువు మీద మైమరుపు. అంత లోపలి నిర్వచనం ఇచ్చిన సంప్రదాయమే బయటి వస్తువుల విషయంలోనూ అత్యంత కఠినంగా ఉండటం గమనించదగ్గది. లోపలిది ముఖ్యమంటే బయటిది అనవసరమని అర్థం కాదన్నమాట. బౌద్ధులు ఉపాదానాన్ని నాలుగుగా లెక్కించారు. కామంతోపాటు దృష్టిని, శీలవ్రతాలను, ఆత్మవాదాన్ని పట్టుకుని వేలాడటం కూడా ఉపాదానమే. ద్రష్ట అయిన పురుషుణ్ణి అంతిమ సత్యంగా నిలిపిన యోగదర్శనానికి ఇది నేరుగా సవాలు. వైష్ణవ భక్తిశాస్త్రంలో రూపగోస్వామి వైరాగ్యాన్ని యుక్తమనీ ఫల్గువనీ విడదీసి, హరికి సంబంధించిన వస్తువును ప్రాపంచికమని విసర్జించడం పస లేని వైరాగ్యమన్నాడు. వీరందరినీ ఒకచోట నిలిపి చూస్తే ఒక పోలిక తేలుతుంది. సాంఖ్యయోగాలు గుణాల మీది తృష్ణను, గీత ఫలాసక్తిని, అద్వైతం అహంకారాన్ని, జైనం మూర్ఛను, బౌద్ధం నేనన్న పట్టును, భక్తి భగవంతుడితో ముడిపడని భోగాన్ని వదలమంటాయి. వస్తువును వదిలితే చాలునని చెప్పిన దర్శనం వీటిలో ఒక్కటీ లేదు.

ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ తార్కికమైనది. మోక్షం కావాలనుకోవడమూ కోరికే కదా? న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. మోక్షంలో నిత్యసుఖం ఉందని ఆశపడి ప్రయత్నించేవాణ్ణి ఆ రాగమే బంధిస్తుందని, కాబట్టి మోక్షం దుఃఖం లేకపోవడం మాత్రమేనని అతని వాదం. మండన మిశ్రుడు బ్రహ్మసిద్ధిలో దీనికి ఎదురు చెప్పాడు. ప్రతి ఇచ్ఛా రాగం కాదు. అవిద్య వల్ల లేని గుణాన్ని వస్తువు మీద మోపి దానికి అతుక్కోవడమే రాగం. మండనుడి జవాబు నాకు సమంజసంగా తోస్తుంది, పతంజలితోనూ సరిపోతుంది. అవిద్యను మిగతా క్లేశాలన్నిటికీ క్షేత్రంగా చెప్పినవాడు ఆయన. అవిద్యలో వేళ్లు లేని ఇచ్ఛను క్లేశమనడానికి వీల్లేదు.

ఇదే ఆక్షేపణను మన కాలంలో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి (1895–1986) మరింత లోతుకు తీసుకుపోయాడు. మమకారం బాధ పెడుతుంది కనుక నిర్మమకారాన్ని సాధన చేయడం ఆ బాధ నుంచి పారిపోవడమేనని, అది మరో రకం అతుకుడని, మమకారం ఎలా పనిచేస్తుందో పూర్తిగా చూడటంలోనే అది రాలిపోతుందని ఆయన బోధ. ఏ పద్ధతినీ ఒప్పుకోని ఆయన పతంజలికి బద్ధవిరోధిగా కనబడతాడు. పతంజలి రెండో మెట్టు విషయంలో ఇద్దరి మధ్యా దూరం తక్కువే. చూడటమే విడుదల అన్న మాటలో వాళ్లు కలుస్తారు. మొదటి మెట్టు దగ్గర విడిపోతారు. రోజూ చేసే అభ్యాసం ఆ చూపును పదునుపెడుతుందా, మొద్దుబారుస్తుందా? క్లేశాల బలాన్ని గురించి పతంజలి అంచనాయే వాస్తవానికి దగ్గరని అనుకుంటాను. చావుభయం విద్వాంసుణ్ణి కూడా వదలదని ఒప్పుకున్న గ్రంథం, ఒక్క చూపుతో సంస్కారాలు రాలతాయని ఎలా నమ్ముతుంది?

రెండో ఆక్షేపణ హృదయానిది. రాగం పోతే ప్రేమ కూడా పోతుందా? పిల్లలకు తల్లిదండ్రులతో ఉండే బంధాన్ని 1969లో జాన్ బౌల్బీ తన పుస్తకంలో విస్తారంగా విశ్లేషించినప్పటి నుంచి అటాచ్‌మెంట్ అన్న మాట మనస్తత్వశాస్త్రంలో ఆరోగ్యానికి గుర్తయింది. ఆ బంధాన్నే తెంచుకొమ్మని యోగం చెబుతోందని కొందరు భయపడుతున్నారు. అది అనవసరం. భాష్యం ప్రకారం రాగమంటే ఒకప్పటి సుఖాన్ని తలచుకుని, ఆ సుఖం మీదో దాన్నిచ్చే వస్తువు మీదో కలిగే దాహం. ఎదుటి మనిషి మేలు కోరడం దాని కిందికి రాదు. సుఖంగా ఉన్నవారితో మైత్రి, దుఃఖంలో ఉన్నవారి మీద కరుణ, పుణ్యాత్ములను చూసి ముదిత అని పతంజలి చిత్తప్రసాదానికి మార్గాలు చెప్పాడు. తనకు ఒరిగేదేమీ లేకపోయినా ప్రాణుల మీద అనుగ్రహంతో ఈశ్వరుడు ఉపదేశిస్తాడనీ, ఆదివిద్వాంసుడైన కపిలుడు కరుణతో ఆసురికి తంత్రం చెప్పాడనీ భాష్యంలో ఉంది. రాగం లేనిచోట కరుణ ఉండగలదన్నది ఈ దర్శనానికి మూలస్తంభాల్లో ఒకటి.

నాలుగో భావన అయిన ఉపేక్ష దగ్గర మాత్రం చిక్కు నిజమైనదే. పాపశీలుర పట్ల ఉపేక్ష వహించమంటే అన్యాయం కళ్లెదుట జరుగుతున్నా అంటీముట్టనట్టు ఉండమనే కదా? ఈ మాటను అడ్డం పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చున్నవారు తక్కువేమీ కాదు. అయితే అదే గ్రంథం అహింసను దేశకాలాల మినహాయింపు లేని మహావ్రతమంది. హింసను స్వయంగా చేయడం, చేయించడం, చేస్తుంటే ఆమోదించడం, మూడూ దోషమేనంది. మౌనంగా ఆమోదించేవాడు ఉపేక్ష మాటున దాక్కోలేడు. అంతవరకు సమర్థించవచ్చు. అన్యాయాన్ని ఎదిరించి తీరాలన్న విధి మాత్రం యోగసూత్రాల్లో లేదు. దాన్ని గీత నుంచి తెచ్చుకోవాలి, గాంధీ తెచ్చుకున్నట్టు. ఇది యోగశాస్త్రం పరిమితి అని ఒప్పుకోవడమే నిజాయితీ.

పండితుల మధ్య తేలని తగాదా

కైవల్యం లోకాన్ని విడిచిపోవడమా, లోకంలో స్వేచ్ఛగా ఉండటమా? ఇరవయ్యో శతాబ్దపు చాలా వ్యాఖ్యానాలు మొదటిదాన్నే పట్టుకున్నాయి. మిర్చా ఎలియాడె యోగాన్ని మనిషి తన మానవస్థితినే విడిచి లోపలికి ముడుచుకునే ప్రయత్నంగా వర్ణించాడు. ఇయన్ విచర్ 1998లో దీన్ని సవాలు చేశాడు. నిరోధమంటే మనసును చంపడం కాదని, మనసుతో పొరపాటుగా ఏకమైపోవడాన్ని ఆపడమని, విముక్తుడు లోకంలో మరింత సమగ్రంగా వర్తిస్తాడని అతని వాదం. ఈ కాలపు పాఠకుడికి ఇది ఇష్టమైన మాట. ఇష్టమైనంత మాత్రాన గ్రంథం ఒప్పుకోవాలని లేదు. పురుషుడికి చేయవలసిన పని తీరిపోయిన గుణాలు తమ మూలంలోకి వెనుదిరగడమే కైవల్యమని చివరి సూత్రం అంటుంది. శరీరం పోయాకే పూర్ణ కైవల్యమని సాంఖ్యకారికా అంటుంది. విచర్ ఈ భాగాన్ని మృదువు చేసి చదివాడని అనిపిస్తుంది.

అవతలి పక్షం కూడా పూర్తిగా గెలవలేదు. క్లేశకర్మలు పోయినప్పుడు విద్వాంసుడు బతికి ఉండగానే విముక్తుడవుతాడని భాష్యం నాలుగో పాదంలో చెబుతుంది. యోగి కర్మ తెల్లనిదీ కాదు నల్లనిదీ కాదని సూత్రం అన్నప్పుడు, యోగికి కర్మ ఉందనే కదా అర్థం. ఫిలిప్ మాస్ వాదించినట్టు సూత్రాలూ భాష్యమూ ఒకే కర్త కూర్చిన ఒకే గ్రంథమైతే, జీవన్ముక్తి తర్వాతివారు అతికించినది కాదు, మూలంలోదే అవుతుంది. కర్తలు వేరైతే, సూత్రకారుడి మౌనం అలాగే మిగులుతుంది. వైరాగ్యాన్ని గురించిన పెద్ద తగాదా ఇలా ఒక పాఠనిర్ణయ సమస్య మీద ఆధారపడి ఉంది.

తేలవలసినవి ఇంకా ఉన్నాయి. జ్ఞానం కలిగాక మిగిలే సంస్కారాలు రాగాన్ని తిరిగి మొలిపించగలవా అన్న దాని మీద విద్యారణ్యుల వర్గానికీ, జ్ఞానమే చాలునన్న అద్వైతులకూ రాజీ కుదరలేదు. ఆత్మను నిలుపుకుని తృష్ణను వదలడం సాధ్యమా అన్న బౌద్ధుల ప్రశ్నకు యోగవ్యాఖ్యాతలు ఖండనలు రాశారుగానీ, ఆ ప్రశ్న పదును తగ్గలేదు. వైరాగ్యాన్ని ఒత్తిడి నివారణకు వాడుకోవడం తప్పా అన్నది మన కాలపు ప్రశ్న. మొదటి మెట్టు వరకు అది తప్పు కాదు. యతమానం ఎవరికైనా మేలే చేస్తుంది. అదే గమ్యమని అమ్మడం మాత్రం సాంఖ్యకారిక ఏనాడో కొట్టివేసిన వాదాన్ని మళ్లీ తలకెత్తుకోవడం. ఈ విషయం మీద ఆసక్తి ఉన్న పాఠకులు విడి సూత్రాల అనువాదాలతో సరిపెట్టుకోకుండా వ్యాసభాష్యంతో కలిపి సాధనపాదాన్ని, పక్కనే గీత పద్దెనిమిదో అధ్యాయాన్ని పెట్టుకుని చదవాలని మనవి.